కోటింగ్ టేబుల్ దగ్గరే డబ్బు పోతుంది

ప్లాటినం-పల్లాడియం ప్రింట్ల ఆర్డర్ రాగానే చాలామంది ముందు కెమికల్స్ కొంటారు. పేపర్ సంగతి ఆఖర్న చూసుకోవచ్చులే అనుకుంటారు. కానీ ఈ ప్రాసెస్‌లో బొమ్మను మోయడానికి జెలటిన్ పొర లేదు. లోహం కాగితం పీచులోనే కూర్చుంటుంది, కాబట్టి కాగితంలోని లోపం నేరుగా ప్రింట్‌లో కనిపిస్తుంది. 1873లో విలియం విల్లిస్ ప్లాటినం ప్రింటింగ్‌కి పేటెంట్ తీసుకున్నాక, ఫ్యాక్టరీలో కోట్ చేసిన పేపర్ కొన్ని దశాబ్దాలు మార్కెట్లో దొరికింది. ఇప్పుడు ఆ పని మన నెత్తిన పడింది.

ముందు బఫర్ సంగతి. 'యాసిడ్ ఫ్రీ' అన్న లేబుల్ చూసి పేపర్ కొనకండి. అలాంటి వాటిలో చాలావరకు బఫర్‌గా కాల్షియం కార్బొనేట్ ఉంటుంది. అది కాంతికి స్పందించే మన ఇనుప లవణం ఫెర్రిక్ ఆక్సలేట్‌ని దెబ్బతీస్తుంది. నలుపులు నీరసంగా వస్తాయి, తెల్లభాగాల్లో ఇనుము పసుపు మరకగా మిగిలిపోతుంది. అప్పుడు క్లియరింగ్ బాత్‌ని తిట్టుకుని లాభం లేదు. ఆర్షే ప్లాటిన్, హానెమ్యూలే ప్లాటినం రాగ్ లాంటివి ఈ పనికోసమే తయారైనవి. ఖరీదు ఎక్కువే అయినా గడువున్న ఆర్డర్‌కి అవే వాడండి. వేరే పేపరే కావాలని క్లయింట్ పట్టుబడితే, 10 శాతం సల్ఫామిక్ యాసిడ్‌లో బుడగలు ఆగేదాకా నానబెట్టి, బాగా కడిగి ఆరబెట్టండి. ఆక్సాలిక్ యాసిడ్ కూడా పనిచేస్తుంది కానీ, నీళ్లలో కరగని కాల్షియం ఆక్సలేట్‌ని కాగితంలోనే వదిలేస్తుంది. ఈ శ్రమకు, దీనికి పోయే రోజుకు కూడా కొటేషన్‌లో డబ్బు వేసుకోండి.

తర్వాత తేమ. గదిలో 50 నుంచి 60 శాతం ఉంటే పని సాఫీగా సాగుతుంది. మే నెల హైదరాబాద్‌లో మధ్యాహ్నం కాగితం ఎండిపోయి ఉంటుంది. ద్రావణం పైపైనే ఆరిపోతుంది, డెవలపర్‌లో వేయగానే లోహం కొట్టుకుపోతుంది. వానాకాలం విశాఖలో దీనికి పూర్తి వ్యతిరేకం: ద్రావణం లోపలికి దిగిపోయి నలుపు చదునుగా వస్తుంది. హైగ్రోమీటర్ లేకుండా ఈ పనికి దిగకండి.

ఇక కోటింగ్. 8×10 అంగుళాలకు మొత్తం 2 మి.లీ. అటూఇటూగా చాలు, అందులో సగం ఫెర్రిక్ ఆక్సలేట్, సగం లోహపు ద్రావణం. బ్రష్‌కి ఇనుప పట్టీ ఉండకూడదు, దానివల్ల నల్ల చుక్కలు వస్తాయి. బ్రష్‌ని డిస్టిల్డ్ వాటర్‌లో తడిపి బాగా పిండాలి. పొడిబ్రష్ అయితే సగం ప్లాటినం అదే తాగేస్తుంది. ద్రావణాన్ని మధ్యలో ఒక్కసారిగా పోసి నిలువుగా, అడ్డంగా తేలిగ్గా లాగండి. కాగితం మెరుపు మందగిస్తోందంటే చెయ్యి ఆపేయాలి. కొత్తవాళ్లు ఎక్కువగా తప్పు చేసేది అక్కడే. ఇంకొక్కసారి సరిచేద్దామని రుద్దుతారు, పీచు లేస్తుంది, ఆకాశం ఉన్నచోట దూదిపింజల్లా తేలుతుంది. మెరుపు పూర్తిగా పోయేదాకా చీకట్లో పడుకోబెట్టి, ఆ తర్వాతే చల్లగాలి పెట్టండి. వేడిగాలి పెడితే ఫాగ్ వస్తుంది. తక్కువ వాట్ల పసుపు బల్బు కింద పనిచేయొచ్చు, ట్యూబ్‌లైటు, కిటికీ మాత్రం వద్దు.

ఇరవై ప్రింట్ల ఎడిషన్ వచ్చిందనుకోండి. పొద్దున్నే ఇరవై షీట్లూ కోట్ చేసుకుంటే సాయంత్రానికి చివరివి తేమ పీల్చుకుని బూడిదరంగుకి తిరుగుతాయి. గంట, రెండు గంటల్లో ఎక్స్‌పోజ్ చేయగలిగినన్నే కోట్ చేయండి. పేపర్ అంతా ఒకే లాట్‌లో, వేస్టేజీకి అదనంగా ఇంకొన్ని షీట్లతో కలిపి, అడ్వాన్స్ డబ్బుతో ముందే కొనండి. క్లయింట్ సంతకం పెట్టే ప్రూఫ్ కూడా ఆ లాట్‌లోంచే తీయాలి. లాట్ మారితే టోన్ మారొచ్చు, అప్పుడు మళ్లీ చేసే ఖర్చు మీదే.

ఫెర్రిక్ ఆక్సలేట్ పాతబడిందా అని అనుమానం వస్తే, ఒక చుక్కలో పొటాషియం ఫెర్రిసయనైడ్ కలిపి చూడండి. ముదురు నీలం వస్తే పారబోయండి. ప్లాటినం లవణాలు కొందరికి ఉబ్బసం తెప్పిస్తాయి, అది ఒకసారి పట్టుకుంటే ఆ మనిషి ఈ పని మానుకోవాల్సిందే. వేరొకరి స్టూడియోలో పనికి చేరుతుంటే, గ్లౌజులు, పొడి తూచేటప్పుడు మాస్కు ఖర్చులు స్టూడియో యజమానినే భరించమని చేరేటప్పుడే అడగండి.