రెసిన్ కోస్టర్లు: జిగట, మచ్చలు, ముద్రలు ఎందుకు వస్తాయి?

టీ గ్లాసు కింద పెట్టుకునే రెసిన్ కోస్టర్లను మన పూర్వ విద్యార్థులు కొందరు ఇంట్లోనే పోసి అమ్ముతున్నారు. పెద్ద యంత్రాలు అక్కరలేదు కనుక ఇంకొందరు దిగాలని చూస్తున్నారు. అయితే పోసిన వాటిలో కొన్ని గట్టిపడవు, కొన్ని తెల్లగా మసకబారతాయి, కొన్నింటిపై వేడి గ్లాసు పెట్టగానే గుండ్రని ముద్ర పడుతుంది. కొన్నవారు తిరిగి తెచ్చి ఇస్తే రెసిన్ డబ్బూ పోతుంది, నమ్మకమూ పోతుంది. చెయ్యి తిరగక ఇలా అయిందని చాలామంది అనుకుంటారు. మేము గమనించినంతవరకు లోపం చేతిలో కంటే కాటాలోను, గడియారంలోను ఎక్కువగా ఉంటుంది.

ముందుగా రసాయనం సంగతి చూద్దాం. ఎపాక్సీ రెసిన్ అణువుల చివర మూడు పరమాణువుల చిన్న వలయాలు ఉంటాయి. హార్డెనర్‌లో అమైన్లు ఉంటాయి. అమైన్‌లోని ఒక్కొక్క హైడ్రోజన్ ఒక్కొక్క వలయాన్ని తెరుస్తుంది. అలా అణువులు వలలా అల్లుకుని గట్టిపడతాయి. కనుక హార్డెనర్ పాలలో వేసే తోడు లాంటిది కాదు. కాస్త ఎక్కువ వేస్తే త్వరగా తోడుకుంటుందన్న లెక్క ఇక్కడ చెల్లదు. ఎక్కువైన అమైన్‌కు జత దొరకదు, బిళ్ళ మెత్తగా ఉండిపోతుంది. తక్కువైనా అంతే. ఫైబర్ పనిలో వాడే పాలిస్టర్ రెసిన్ వేరు. అక్కడ కొద్దిగా కలిపేది చర్యను మొదలుపెట్టేందుకే. ఆ పని చూసినవారు ఇక్కడ తికమకపడటం సహజం.

అసలు చిక్కు కొలతలో ఉంది. డబ్బాపై 2:1 అని ఉంటే అది బరువుకా, ఘనపరిమాణానికా అని చూడాలి. ఘనపరిమాణానికి అనుకుందాం. రెసిన్ మిల్లీలీటరుకు సుమారు 1.15 గ్రాములు, హార్డెనర్ సుమారు 1 గ్రాము తూగుతాయి. 100 గ్రాముల రెసిన్ అంటే 87 మిల్లీలీటర్లు. దానికి కావలసిన హార్డెనర్ సుమారు 43 గ్రాములే. కాటా మీద 50 పోస్తే 7 గ్రాములు ఎక్కువైనట్లు. బిళ్ళంతా రబ్బరులా వంగుతుంటే ముందుగా అనుమానించవలసింది దీనినే. దానికి మరమ్మతు లేదు, మళ్ళీ పోసుకోవలసిందే.

బిళ్ళంతా గట్టిగా ఉండి అక్కడక్కడ మాత్రమే జిగటగా ఉంటే కలపడంలో లోపం. కప్పు అంచులకు, అడుగుకు అంటుకున్నది కలవకుండానే అచ్చులోకి జారుతుంది. మూడు నాలుగు నిమిషాలు నెమ్మదిగా కలిపి, రెండో కప్పులోకి వంచి మళ్ళీ కలిపితే ఈ బాధ ఉండదు. మొదటి కప్పును గీకి పోయకూడదు. జిగట ఉన్న చోట గీకేసి, స్పిరిట్‌తో తుడిచి, పైన పలచగా ఇంకో పూత వేయవచ్చు.

వానాకాలంలో పైన తెల్లని జిడ్డు పొర కనిపిస్తే అది వేరు. హార్డెనర్‌లోని అమైన్ గాలిలోని తేమతోను, కార్బన్ డయాక్సైడ్‌తోను కలిసి ఏర్పడే పొర అది. గోరువెచ్చని సబ్బునీటితో కడిగితే పోతుంది. కడగకుండా వాటర్ పేపరు రుద్దితే పొర గీతల్లోకి దిగుతుంది. చలికాలంలో గట్టిపడటం బాగా ఆలస్యమవుతుంది. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు తగ్గితే చర్య వేగం దాదాపు సగమవుతుందని రసాయనశాస్త్రంలో ఒక మోటు లెక్క. ఎండాకాలంలో కప్పులోనే వేడెక్కి గడ్డకడుతుంది, కొద్దికొద్దిగా కలుపుకోవాలి.

ఇక వేడి గ్లాసు ముద్ర. గది వేడిమిలో గట్టిపడిన మామూలు ఎపాక్సీ చాలావరకు 50, 60 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది. అప్పుడే పోసిన టీ అంతకంటే వేడి. 24 గంటలకు అచ్చులోంచి ఊడి వచ్చినంత మాత్రాన అది తయారైనట్లు కాదు. వారం రోజులు చదునుగా ఉంచి, మనమే వేడి గ్లాసు పెట్టి చూసి అమ్మాలి. ముద్ర పడితే ఆ రకాన్ని చల్లని పానీయాలకే అని చెప్పి అమ్మడం న్యాయం.

గాలి బుడగలకు రెసిన్ సీసాను కాసేపు గోరువెచ్చని నీళ్ళలో ఉంచి, సన్నని ధారగా పోస్తే చాలు. మంట చూపితే సిలికాన్ అచ్చు పాడవుతుంది. మెరుపు లేకపోతే అచ్చును చూడండి, అచ్చు మసకగా ఉంటే బిళ్ళా మసకే.

ఒక్క మాట గట్టిగా చెప్పాలి. ఈ పని హాస్టల్ గదిలో వద్దు. పదిమంది పడుకునే చోట ఆ ఆవిరి అందరూ పీల్చాలి. గట్టిపడని రెసిన్ చర్మానికి పదే పదే తగిలితే అలర్జీ పట్టుకుంటుంది, పట్టుకుంటే సాధారణంగా జీవితాంతం పోదు. నైట్రైల్ చేతితొడుగులు తప్పనిసరి. చేతికి అంటితే థిన్నర్‌తో తుడవవద్దు, సబ్బుతో కడగాలి. వాటర్ పేపరు ఎప్పుడూ తడిపే రుద్దాలి, ఆ పొడి ఊపిరితిత్తుల్లోకి పోకూడదు.