కాలువ నీరు – కంప్యూటర్ స్మృతి

నిజామాబాదు జిల్లా వ్యవసాయ చరిత్రలో నిజాంసాగర్‌ది విశిష్ట స్థానం. మంజీరా నదిపై 1923లో ఆరంభమైన ఈ జలాశయ నిర్మాణం 1931లో పూర్తయింది. దాని కాలువల నీటితో బోధన్ ప్రాంతం చెరకుతోటలకు నెలవైంది. శక్కర్‌నగర్‌లో చక్కెర కర్మాగారం వెలసింది. ఆ కర్మాగారం 2015లో మూతపడినా, కాలువ నేర్పిన పాఠం నిలిచే ఉంది. తూముకు దగ్గరగా ఉన్న పొలం పారినంత నీరు పారించుకొంటే చివరి ఆయకట్టు ఎండిపోతుంది. మొదటి రైతు దొంగ కాడు. నీరు కనబడింది, వాడుకొన్నాడు. లోపమంతా హద్దు విధించకపోవడంలో ఉంది. చిన్న వ్యాపార సంస్థల సర్వర్ విషయంలోనూ ఇదే జరుగుతుంది.

నిజామాబాదు మార్కెట్ యార్డులో ఒక అడ్తి దుకాణాన్ని ఊహించవచ్చు. పసుపు రాబడి ముమ్మరంగా ఉన్న రోజులవి. దుకాణానికంతా ఒకే సర్వర్. లెక్కల డేటాబేస్, మెయిల్, దస్త్రాల నిల్వ, ముద్రణ అన్నీ దానిమీదనే నడుస్తాయి. ఉదయం పని సజావుగా సాగుతుంది. మధ్యాహ్నానికి యంత్రం మందగిస్తుంది. సిరికొండ నుంచి సరుకు తెచ్చిన రైతు తక్‌పట్టీ కోసం కిటికీ ముందు నిలుచుంటాడు. తెర కదలదు, కాగితం రాదు. ఊరికి వెళ్ళే ఆఖరి బస్సు వేళ దగ్గరపడుతుంది. గుమాస్తా సర్వర్‌ను ఆపి మళ్ళీ మొదలుపెడతాడు. కొంతసేపు బాగుంటుంది. మరునాడు కథ మొదటికి వస్తుంది.

దీనికి కారణం డేటాబేస్ స్వభావంలోనే ఉంది. తిరిగే డిస్కు నుంచి ఒక సమాచారాన్ని వెదకి తేవడానికి సుమారు 10 మిల్లీసెకన్లు పడుతుంది. అదే సమాచారం మెమరీలో, అంటే యంత్రపు తాత్కాలిక స్మృతిలో ఉంటే సుమారు 100 నానోసెకన్లు చాలు. ఈ రెండింటి మధ్య అంతరం లక్ష రెట్లు. అందువల్ల డేటాబేస్ ఒకసారి చదివిన పుటను మళ్ళీ అవసరపడవచ్చునని స్మృతిలోనే దాచుకొంటుంది. ఇది దోషం కాదు, ముందుచూపు. సర్వర్‌ను ఆపి తెరిచినప్పుడు ఆ నిల్వ ఖాళీ అవుతుంది. పని జరిగేకొద్దీ తిరిగి నిండుతుంది. గుమాస్తా చికిత్స ఒక పూటకే పనిచేయడంలోని రహస్యం ఇదే.

మైక్రోసాఫ్ట్ ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో గరిష్ఠ మెమరీ పరిమితి తొలుత 2,14,74,83,647 మెగాబైట్లుగా ఉంటుంది. ఆచరణలో ఇది హద్దు లేనట్లే. స్మృతి కరవైనప్పుడు ఆపరేటింగ్ సిస్టమ్ హెచ్చరిస్తే డేటాబేస్ కొంత విడిచిపెడుతుంది. కాని మెయిల్, ముద్రణ ఒక్కసారిగా చోటు కోరితే ఆ సర్దుబాటుకు వ్యవధి చాలదు. అప్పుడు ఆపరేటింగ్ సిస్టమ్ కొన్ని పుటలను డిస్కుమీదికి నెట్టి, అవసరమైనప్పుడు తిరిగి తెస్తుంది. ఈ రాకపోకలు మితిమీరితే యంత్రం అసలు పని మాని పుటలు మోయడంలోనే మునిగిపోతుంది. 1968లో పీటర్ డెన్నింగ్ ఈ స్థితిని విశ్లేషించి, ప్రతి ప్రోగ్రాముకూ ఆ క్షణాన తప్పనిసరిగా కావలసిన పుటల సముదాయం ఒకటి ఉంటుందని, అది స్మృతిలో ఇమడాలని ప్రతిపాదించాడు.

విండోస్ స్మాల్ బిజినెస్ సర్వర్ 2003కు గరిష్ఠంగా 4 గిగాబైట్ల మెమరీ మాత్రమే చెల్లేది. అంతకు మించి కొనడానికి వీలులేదు కనుక పంపకమే శరణ్యం. ఆ శ్రేణి 2011 నాటి రూపంతో ముగిసినా, ఒకే యంత్రాన్ని పలు పనులకు వాడే అలవాటు చిన్న సంస్థలను వీడలేదు.

పరిష్కారం కూడికలు, తీసివేతలంత సులభం. సర్వర్‌లో 8 గిగాబైట్లు ఉన్నాయనుకొంటే ఆపరేటింగ్ సిస్టమ్‌కు 2, మెయిల్ తదితరాలకు 2, ఆకస్మిక అవసరాలకు 1 కేటాయించాలి. మిగిలిన 3 గిగాబైట్లను, అంటే 3,072 మెగాబైట్లను, డేటాబేస్‌కు హద్దుగా నిర్ణయించాలి. ఎస్‌క్యూఎల్ సర్వర్ ఈ హద్దుకు వెలుపల కూడా కొంత స్మృతి వాడుకొంటుంది. ఆకస్మిక నిల్వ అందుకే. ఈ మార్పుకు సర్వర్‌ను ఆపనవసరం లేదు.

పోస్ట్‌గ్రెస్ తీరు వేరు. అందులో ఉమ్మడి నిల్వ తొలుత 128 మెగాబైట్లే. దానిని మార్చితే డేటాబేస్‌ను ఆపి తెరవాలి. మొత్తం మెమరీలో నాలుగోవంతు ఇవ్వాలన్న సూచన డేటాబేస్ ఒక్కటే నడిచే యంత్రానికి ఉద్దేశించినది. పంచుకొనే యంత్రానికి దానిని యథాతథంగా వర్తింపజేయరాదు.

హద్దును మరీ తగ్గించినా ప్రమాదమే. అప్పుడు డేటాబేస్ ప్రతి చిన్న పనికీ డిస్కును ఆశ్రయిస్తుంది; రైతు నిరీక్షణ తప్పదు. కనుక సంత రద్దీ రోజున యంత్రాన్ని పరిశీలించి అంకెలు సవరించుకోవాలి. కాలువకు వారబందీ ఎలాగో సర్వర్‌కు ఈ పరిమితి అలాంటిది. బలవంతుడిని శిక్షించడం దాని ఉద్దేశం కాదు. చివరి మడి దాకా నీరు అందించడమే. తక్‌పట్టీ వేళకు చేతికందితే సిరికొండ రైతు ఆఖరి బస్సు అందుకొంటాడు.

అభ్యాసం

1. సర్వర్‌ను ఆపి తెరిస్తే ఉపశమనం తాత్కాలికమే. ఎందువల్ల?
2. డేటాబేస్‌ను తూము దగ్గరి రైతుతో పోల్చడంలోని ఔచిత్యాన్ని వివరించండి.
3. 16 గిగాబైట్ల మెమరీ గల సర్వర్‌లో మీరైతే పంపకం ఎలా చేస్తారు? కారణాలు తెల్పండి.