చుట్టపు చూపు చాలదు

చదువు ముగిసి ఉద్యోగం చేతికొచ్చాక ఇంటికీ, చదువుకున్న ఊరికీ ఎలా వెళ్ళి రావాలో ఎవరూ నేర్పరు. అదీ నేర్చుకోవలసిన విద్యేనని తెలిసేసరికి నాకు యాభై దాటాయి. 1977లో విశాఖపట్నం వాల్తేరులో జియాలజీ పూర్తి చేసి బైలడిల్లా ఇనుప గనుల్లో చేరాను. మా ఊరు పిఠాపురం దగ్గర. గనుల దగ్గరున్న కిరండూల్‌లో పొద్దున్నే పాసింజరు ఎక్కితే అరకు కొండలు దిగి విశాఖపట్నం చేరేసరికి రాత్రయ్యేది. అక్కడ బండి మారి సామర్లకోటలో దిగాలి. అంటే ఇంటికి వెళ్ళినప్పుడల్లా నేను చదివిన ఊళ్ళో కాలు పెట్టక తప్పేది కాదు. అమ్మా నాన్నా, తమ్ముడు, స్నేహితులు, మాస్టార్లు అందరూ ఒకే దారిలో ఉన్నారు. ఇంత వీలుండి కూడా చాలాకాలం చుట్టపు చూపుగానే తిరిగాను. కొత్తగా ఉద్యోగాల్లో చేరుతున్న మా ఇంటి పిల్లలు అడిగారని ఇవి రాస్తున్నాను.

1. పండక్కి వెళ్ళినవాడికి ఇల్లు కనబడదు.

సంక్రాంతికి తప్ప ఊరి మొహం చూడని తరం మాది. మీదీ అంతేనని రైళ్ళు చూస్తే తెలుస్తోంది. తెల్లవారుజామున భోగిమంట, మర్నాడు పెద్దలకు బట్టలు పెట్టుకోవడం. కనుమ నాడు కాకైనా కదలదంటారు కనుక ఆ రోజు ప్రయాణం కుదరదు. ముక్కనుమ నాడు పెట్టె సర్దుకోవడమే. అరిసెల పాకం, పోకుండలు, జంతికలు, వచ్చేపోయేవాళ్ళకు కాఫీలు. ఆ నాలుగు రోజులూ అమ్మ పొయ్యి దగ్గర నుంచి లేస్తే ఒట్టు. ఇల్లంతా సందడే గాని ఎవరితోనూ తీరిగ్గా రెండు మాటలు మాట్లాడింది లేదు.

ఒక ఏడాది భాద్రపదంలో అనుకోకుండా సెలవు దొరికితే కబురు చెప్పకుండా వెళ్ళాను. నాన్న అరుగు మీద కూర్చుని పేపరును బారెడు దూరాన పట్టుకుని చదువుతున్నారు. ఇద్దరి మందులూ ఒకే బిస్కెట్ల డబ్బాలో పోసి ఉన్నాయి. ఏది పొద్దుటిదో ఏది రాత్రిదో అమ్మ రంగును బట్టి ఏరి ఇస్తోంది. పండగ రోజుల్లో ఆ డబ్బా బీరువా మీదికి ఎక్కేదట. అందుకే అన్నేళ్ళూ నా కంట పడలేదు.

2024 నవంబరు నుంచి రైల్వేవాళ్ళు రిజర్వేషను గడువును 120 రోజుల నుంచి 60 రోజులకు తగ్గించారు. సంక్రాంతి టిక్కెట్ల కోసం నవంబరు మధ్యలో పొద్దున్న ఎనిమిదింటికి ఫోన్లు పట్టుకుని కూర్చుంటారు కదా, ఆ ఓపికలో సగం చాలు, ఆషాఢంలోనో భాద్రపదంలోనో కిటికీ పక్క సీట్లో కూర్చుని వెళ్ళి రావచ్చు.

2. నాలుగు రోజులుండేవాడు ఇంటి పద్ధతులు మార్చకూడదు.

వెళ్ళిన మర్నాటి నుంచే నా పెత్తనం మొదలయ్యేది. కూరల్లో ఉప్పు తగ్గించండి, నాన్నను కాకినాడ పెద్ద డాక్టరుకు చూపించండి, పెరట్లో ఆ మెట్టు కొట్టించెయ్యండి. తమ్ముడు "అలాగే అన్నయ్యా" అనేవాడు. మరదలు మాట్లాడేది కాదు. ఒకసారి నన్ను స్టేషనుకు దిగబెట్టడానికి వచ్చినప్పుడు వాడు మెల్లగా అన్నాడు: "నువ్వు చెప్పేవన్నీ మంచివే అన్నయ్యా. ఒక్క నెల ఉండి నువ్వే చేయించు." గొంతులో కోపం లేదు. ఉంటే పోట్లాడి తేల్చుకునేవాణ్ణి.

ఆ ప్రయాణంలోనే నా గదిలో ధాన్యం బస్తాలు వేసి ఉంటే చిన్నబుచ్చుకున్నాను. నా బల్ల మీద యూరియా సంచులు. ఏడాదికి నాలుగు రోజులు పడుకునేవాడి కోసం రైతు ఇంట్లో ఒక గది ఖాళీగా పెట్టాలట! ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది.

పద్ధతులు మార్చడానికి బదులు పని అడిగి తీసుకోవాలి. మరదలు పుట్టిల్లు కోటనందూరు అవతల. వాళ్ళిద్దరూ కలిసి అక్కడికి వెళ్ళి ఎన్నేళ్ళయిందో నాకు తెలియదు. ముసలివాళ్ళను వదిలి ఇద్దరూ ఎలా కదులుతారు? మరుసటేడు వెళ్ళినప్పుడు "ఈ వారం అమ్మా నాన్నా బాధ్యత నాది, మీరు వెళ్ళి రండి" అన్నాను. మరదలు నమ్మలేదు. వెళ్ళే ముందు ఏ డబ్బాలో ఏముందో రెండుసార్లు చెప్పింది. ఆ వారం నేను కాచిన చారు నాన్న వంక పెట్టకుండా తాగారు గాని, తమ్ముడు వచ్చాక మాత్రం రెండోసారి అడిగి వడ్డించుకున్నారు. ఇంట్లో ఉండి పెద్దవాళ్ళను చూసుకునేవాళ్ళకు మీరు తెచ్చే చీరలూ చొక్కాల కంటే వారం రోజుల సెలవు పెద్ద కానుక.

3. ఎప్పుడు పోతావన్నది గడపలోనే చెప్పకండి.

"ఎన్నాళ్ళుంటావురా?" అన్నదే అమ్మ మొదటి ప్రశ్న. నేను చెప్పులు విప్పుతూనే తిరుగు టిక్కెట్టు తేదీ చెప్పేసేవాణ్ణి. ఆ క్షణం నుంచి ఆవిడ లెక్క మొదలు. "అప్పుడే వెళ్ళే మాట ఎందుకు" అని దాటెయ్యండి. ఇది అబద్ధం కిందికి రాదు.

4. సమ్మేళనానికి రాని స్నేహితుడి ఇంటికి ముందు వెళ్ళండి.

వేసవి సెలవుల్లో ఏ జిల్లా పేజీ తిరగేసినా "పూర్వ విద్యార్థుల అపూర్వ సమ్మేళనం" ఉంటుంది. ఒకే రంగు టీషర్టులు, గురువులకు శాలువాలు, మధ్యాహ్నం భోజనాలు, సాయంత్రం గ్రూపు ఫొటో. తప్పు పట్టడం లేదు, నేనూ వెళ్తాను, ఫొటోలో ముందు వరసలోనే కూర్చుంటాను. అయితే ఫొటోలో లేనివాళ్ళను ఎవరైనా లెక్కపెట్టారా? వాళ్ళలో సగం మంది పక్క వీధిలోనే ఉంటారు. "కోతలున్నాయిరా", "ఒంట్లో బాగాలేదు" అంటారు. అసలు సంగతి వేరు. అక్కడ మైకు ఇచ్చి ఒక్కొక్కరినీ ఏం చేస్తున్నావో చెప్పమంటారు. పిల్లలు ఏ దేశంలో ఉన్నారో చెప్పమంటారు. వ్యాపారం మునిగినవాడు, కొడుకు దక్కనివాడు ఆ మైకు ముందు ఏం చెబుతాడు?

హైస్కూల్లో నా పక్క బెంచీవాడు అలాగే రావడం మానేశాడు. సైకిళ్ళ కొట్టు పెట్టి, సైకిళ్ళ కాలం పోయాక పంక్చర్లు వేసుకుంటున్నాడని విని వెళ్ళాను. నన్ను చూసి చేతులు తుడుచుకుంటూ లేచి "రండి, కూర్చోండి" అన్నాడు. నన్ను ఒరేయ్ అని పిలిచే నోళ్ళు ఊళ్ళో నాలుగో ఐదో ఉండేవి, అందులో ఒకటి పోయిందనుకున్నాను. కారు దూరంగా ఆపి నడిచి వెళ్ళవలసింది. కొడుకు ఏం చేస్తున్నాడని అడక్కుండా ఉండవలసింది. కాసేపటికి బల్ల మీద కూర్చుని, టైరులోంచి ట్యూబు లాగడానికి నేను అవతలి వైపు పట్టుకుంటే, "అట్లా కాదురా, నీకెప్పుడూ చేతకాదు" అని విసుక్కున్నాడు. బతికిపోయాను.

5. పని పడితేనే గురువు గడప తొక్కే అలవాటు చేసుకోకండి.

యూనివర్సిటీ వదిలిన తొలి రోజుల్లో మా మాస్టారి దగ్గరికి తరచుగానే వెళ్ళేవాణ్ణి. ఒకసారి పరిచయ లేఖ కోసం, ఒకసారి ధ్రువపత్రం కోసం, ఒకసారి వేరే ఉద్యోగానికి సిఫార్సు కోసం. ఆ తరవాత నిజంగా ఏ పనీ లేకుండా, బండికి టైముందని వెళ్ళాను. ఆయన తలెత్తి చూసి, సొరుగు లాగి, లెటర్‌హెడ్ కాగితం తీస్తూ "ఎన్ని కాపీలు కావాలోయ్?" అన్నారు. వెటకారం కాదు, మామూలుగానే అడిగారు.

గురుపూజోత్సవం నాడు ఫోను చేస్తే సరిపోదా అనకండి. సెప్టెంబరు 5 రాధాకృష్ణన్ గారి పుట్టినరోజు, ఆయన 1931 నుంచి 1936 దాకా మా ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వైస్ ఛాన్సలరు. కనుక మావాళ్ళకు ఆ రోజు మీద మమకారం కాస్త ఎక్కువే. ఆ రోజు మాస్టార్లకు ఫోను కింద పెట్టే తీరిక ఉండదు. మీరు సెప్టెంబరు 6న చేయండి.

6. "నన్ను గుర్తుపట్టారా?" అని అడగకండి.

పెద్దవాళ్ళకు పెట్టే పరీక్షల్లో ఇంతకంటే నిర్దయ అయినది లేదు. మాస్టారు రిటైరయి లాసన్స్ బే కాలనీలో ఉన్నప్పుడు వెళ్ళి నేను ఇదే ప్రశ్న వేశాను. "గుర్తులేకేం" అని నవ్వారు. కాఫీ తాగినంతసేపూ నా పేరు పలకవలసిన అవసరం రాకుండా జాగ్రత్తగా మాట్లాడారు. ఏటా ఒక కొత్త బ్యాచి వచ్చిపోయిన గదిలో నా ముఖం ఒకటి. జుట్టు కూడా రాలిపోయిన ముఖం. గుమ్మంలోనే పేరు, చదివిన సంవత్సరం, ఫీల్డు వర్కు ఎక్కడ చేశామో చెప్పేస్తే పోయేది.

మళ్ళీ వెళ్ళినప్పుడు అలాగే చెప్పాను. స్వీట్లు, పళ్ళు మానేసి బైలడిల్లా నుంచి గుప్పెడంత హెమటైటు రాయి తీసుకెళ్ళాను. ఆయన దాన్ని అరచేతిలో ఎగరేసి బరువు చూశారు. కళ్ళజోడు నుదుటి మీదికి తోసి లెన్సుతో చూశారు. తాగుతున్న కాఫీ గబగబా పూర్తి చేసి, పింగాణీ కప్పు బోర్లించి, అడుగున మెరుగు లేని అంచు మీద ఆ రాయితో గీశారు. నల్లటి రాయి ఎర్రటి గీత పెట్టింది. "చూశావటోయ్!" అన్నారు, నేను ముప్పై ఏళ్ళుగా ఆ రాళ్ళ మధ్యే ఉన్న సంగతి మరచిపోయి. లోపల్నుంచి అమ్మగారు "అవి మా పెళ్ళినాటి కప్పులండీ" అని కేకేశారు.

ఆ సాయంత్రం ఆయన్ని వాళ్ళ గురువు గారి గురించి అడిగాను. సి.వి. రామన్ శిష్యుడైన సి. మహదేవన్ గారు మా జియాలజీ శాఖను నిలబెట్టారు, 1962లో పోయారు. మాస్టారు ఆయన క్లాసులో కూర్చున్న కుర్రాడిలా చెప్పుకుంటూ పోయారు. మనం ఎంతసేపూ మన ప్రమోషన్లు చెప్పి రావాలనుకుంటాం. మాస్టార్లకు శిష్యులు చాలామంది ఉంటారు గాని, వాళ్ళు శిష్యులుగా ఉన్న రోజుల గురించి అడిగేవాళ్ళు తక్కువ.

7. డిపార్టుమెంటంటే ప్రొఫెసర్లు మాత్రమే కాదు.

రాయిని మైక్రోస్కోపు కింద చూడాలంటే ముందు దాన్ని పలకగా కోసి, గాజు మీద అతికించి, కార్బొరండం పొడితో 0.03 మిల్లీమీటర్ల మందానికి అరగదీయాలి. మా శాఖలో ఆ పని చేసే ల్యాబు అటెండరు పెద్దగా చదువుకోలేదు. మధ్యమధ్య స్లైడును మైక్రోస్కోపు కింద పెట్టి చూసేవాడు. క్వార్ట్‌జ్ పసుపుగా కనబడితే ఇంకా మందం ఉన్నట్టు, బూడిద రంగుకు దిగితే సరిపోయినట్టు. ఒక్క నిమిషం ఎక్కువ అరగదీస్తే స్లైడు ఖాళీ, మా నెల కష్టం గంగపాలు. నా స్లైడు ఒక్కటి కూడా ఆయన చేతిలో పాడవలేదు.

మీ కాలేజీకి వెళ్ళినప్పుడు ఇలాంటివాళ్ళ గురించి ఆఫీసులో అడగండి. మెస్సులో వడ్డించినాయన, రాత్రి లైబ్రరీ మూసే ముందు పావుగంట ఆగిన ఆవిడ, ఎవరైనా సరే. వీళ్ళకు శాలువాలు ఎవరూ కప్పరు. మా బ్యాచివాళ్ళ థీసిస్‌లలో కృతజ్ఞతల పేజీలు తిరగేశాను. గైడు, శాఖాధిపతి, తల్లిదండ్రులు, దేవుడు అందరూ ఉన్నారు, ఆ అటెండరు పేరు మాత్రం లేదు. నా దాంట్లోనూ లేదు. మీ థీసిస్ ఇంకా బైండింగుకు వెళ్ళకపోతే, అటువంటి పేరు ఒకటి రాసి పంపండి.