రోగి పడకయొద్ద కుట్టుపని

చదువవలసిన భాగములు: అపొస్తలుల కార్యములు 9:36–42, ప్రసంగి 3:1–8



సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతపు సంఘములలో ఇంటియొద్ద కుట్టుమిషను పెట్టుకొని కుటుంబమును పోషించు సహోదరీలు అనేకులున్నారు. వారిలో ఒకామె భర్త పక్షవాతముతో మంచము పట్టెను. మేము ఆ యింటికి వెళ్లి ప్రార్థనచేసి, "అమ్మా, కొంతకాలము కుట్టుపని మాని ఆయనను చూచుకొనుము" అని చెప్పితిమి. ఆమె మెల్లగా, "మిషను ఆగితే మందులెట్ల వస్తయి, అయ్యగారూ?" అని అడిగెను. మేము జవాబు చెప్పలేకపోతిమి. ఆ దినమున సిగ్గుపడి వాక్యమును మరల తెరచితిమి.

1. సూదిపని దేవుడు మెచ్చిన పని

యొప్పేలోని దొర్కా విధవరాండ్రకు అంగీలు, వస్త్రములు కుట్టెను. లేఖనము ఆమె సత్క్రియలను గూర్చి చెప్పినప్పుడు ఆ బట్టలనే మనకు చూపుచున్నది. మన తెలుగు సంఘములకును ఈ పని క్రొత్తది కాదు. 19వ శతాబ్దములో గోదావరి తీరమున నర్సాపురము ప్రాంతములో మిషనెరీలు నేర్పిన లేసు అల్లిక, కూలి స్వల్పమైనను, ఎన్నో పేద కుటుంబములకు ఆధారమాయెను. కాబట్టి రోగియున్న యింట సూది పట్టుట ప్రేమ తగ్గుట కాదు. అదే ఆయన మందు, ఆయన గంజి.

2. ప్రతిదానికి సమయము

కుట్టుటకును ఒక సమయమున్నదని ప్రసంగి నేర్పుచున్నాడు. తనంతట తాను ఒత్తిగిల్లలేని రోగిని సుమారు రెండు గంటలకొకసారి ప్రక్కకు తిప్పవలెను. లేనియెడల వీపునను తుంటియొద్దను పుండ్లు పడును. ఆ సహోదరి యిప్పుడు ఈ రెండు గంటలనే తన పనికి కొలతగా పెట్టుకొన్నది. ఆయన నిద్రించునప్పుడు మిషను త్రొక్కును. మేల్కొనియున్నప్పుడు మంచముప్రక్కన కూర్చుండి హుక్కులు, కాజాలు, చీర ఫాల్ కుట్టును. పిలిచిన వెంటనే ప్రక్కన పెట్టదగిన పనినే అక్కడికి తెచ్చును. సూదిని పరుపుమీద గుచ్చక డబ్బాలో పెట్టి లేచును. క్రిస్మసు ముందరను పెండ్లిండ్ల కాలమందును తనవలన కాని గడువును ఒప్పుకొనదు. మాట యిచ్చి తప్పుటకంటె ముందే కాదనుట మేలు (మత్తయి 5:37).

భార్య మంచము పట్టిన దర్జీ సహోదరులారా, ఈ మాట మీకును చెందును. అకుల ప్రిస్కిల్లలు ఇద్దరును డేరాలు కుట్టిరి (అపొ. కా. 18:3). పనిలో పాలుగలవారు పరిచర్యలోను పాలుగలవారే. గంజి కాచుట, ప్రక్క మార్చుట ఆడవారి పనియని తప్పించుకొనరాదు.

3. ఒక్కరిమీదనే భారము విడువరాదు

దొర్కా తానే కాయిలాపడి చనిపోయెను. అప్పుడు ఆమెను కడిగి మేడగదిలో పరుండబెట్టినవారు ఇతరులు. లుద్దకు వెళ్లి పేతురును పిలిచినవారు ఇద్దరు మనుష్యులు. ఏడ్చుచు నిలిచినవారు విధవరాండ్రు. ఎన్ని చేతులో చూడుడి! మనమైతే పది నిమిషములు ప్రార్థించి, టీ త్రాగి, వచ్చుచున్నాము. ఆ టీ పెట్టుటకును ఆమెయే లేవవలెను గదా!

ఇప్పుడు మా సంఘమునుండి ఇద్దరు సహోదరీలు మంగళ శుక్రవారములలో రెండేసి గంటలు ఆయనయొద్ద కూర్చుండుచున్నారు. ఆ సమయమున మిషను ఆగకుండ నడచుచున్నది. ఆయన ఇంకను లేవలేదు. అయినను బాగుగానున్న చేతితో గుండీలు ఏరి భార్యకు అందించుచున్నాడు. రోగి కేవలము భారము కాడని ఆ చేయి మాకు నేర్పినది.

ఇంకొక మాట. కూలివాని కూలిని మరునాటివరకు ఉంచుకొనరాదని ధర్మశాస్త్రము ఆజ్ఞాపించుచున్నది (లేవీ. 19:13). కుట్టిన జాకెట్టు తీసికొని, "మనవాళ్లమే గదా, తరువాత ఇస్తాము" అనువారు ఆ మందుల సీసాను తలంచుకొనవలెను.

ఆలోచించుటకు: మన సంఘములో రోగిని ఒంటరిగా చూచుకొనువారెవరు? ఈ వారములో మనము ఎవరికి రెండు గంటలు ఇయ్యగలము? ఎవరికైన కూలి బాకీయున్నామా?

ప్రార్థన: ప్రభువా, అలసిన చేతులను బలపరచుము. వాటిప్రక్కన మా చేతులను ఉంచుటకు మమ్మును పంపుము. ఆమేన్.