ఎమ్మారై గదిలోకి కీ వాచీ

ప్రశ్న: మాది ఆలంపూర్. కర్నూలులో స్కానింగ్ టెక్నీషియన్‌గా చేస్తున్నాను. నాన్నగారిచ్చిన హెచ్ఎంటీ కీ వాచీ ఈమధ్య బాగా ముందుకు పోతోంది. అయస్కాంతాన్ని తట్టుకునే వాచీ కొంటే ఎమ్మారై గదిలోకి పెట్టుకెళ్లొచ్చా?

జవాబు: వద్దండీ. ఎంత ఖరీదైనదైనా గది బయటే తీసి పెట్టండి.

మీ వాచీకి అయస్కాంతం పట్టి ఉండొచ్చు. లోపల బ్యాలెన్స్ చక్రానికి వెంట్రుకంత సన్నని స్ప్రింగు ఉంటుంది. అయస్కాంతం పడితే దాని చుట్లు ఒకదానికొకటి అంటుకుంటాయి, స్ప్రింగు పొట్టిదైనట్టే. చక్రం గబగబా ఊగుతుంది, ముల్లు పరుగెడుతుంది. రిపేరు చేసేవాళ్ల దగ్గర డీమాగ్నెటైజర్ ఉంటే నిమిషం పని. పారేయకండి, అది మంచి వాచీ.

ఇక కొత్తదాని సంగతి. ఐఎస్ఓ 764 ప్రమాణం అడిగేది మీటరుకు 4,800 ఆంపియర్లు, అంటే 60 గాస్. శాస్త్రవేత్తల కోసమని రోలెక్స్ 1950లలో తెచ్చిన మిల్గాస్ తట్టుకునేది 1,000. మీ 1.5 టెస్లా మెషీన్ 15,000 గాస్! 2013లో ఒమేగా ఆ అంకెనూ దాటింది. కానీ ఆ హామీ వాచీ నడకకే, మెషీన్‌లో పడుకున్న మనిషికి కాదు. పైగా పాతతరం వాచీల్లో రక్షణ కవచమే మెత్తని ఇనుము. మెషీన్ మొదట లాగేది దాన్నే. స్కాన్ ఆగినా ఆ అయస్కాంతం ఆగదని మీకు తెలుసు.

వార్డులో రోగిని ముట్టుకునేటప్పుడూ మణికట్టు ఖాళీగా ఉండాలి. పట్టీ కింద చెయ్యి సరిగా కడగలేం. టైము గోడ గడియారంలో చూసుకోండి.