తొలి కీర్తి నీడ

సిద్దిపేట నేతగాండ్రకు గొల్లభామ చీర పేరు తెచ్చిపెట్టింది. తలపై కుండ మోసే గొల్లభామ రూపాన్ని, రంగురంగుల పోగులను చేతితో చొప్పిస్తూ, ఓపికగా బట్టపై నిలుపుతారు. కొనవచ్చినవారి కన్ను ముందుగా ఆ బొమ్మనే వెదకుతుంది. బొమ్మ లేని చీర ఎంత సొగసుగా ఉన్నా ‘ఇది సిద్దిపేట చీరేనా?’ అనే సందేహం వారికి కలుగక మానదు. పేరు తెచ్చిన పనే కళాకారుని కాళ్లకు బంధమయ్యే ఈ చిక్కు నేతకు మాత్రమే పరిమితం కాదు. అమెరికాకు చెందిన ఒక హిప్ హాప్ సంగీత నిర్మాత దీనినే మరొక రూపంలో ఎదుర్కొన్నాడు.

ఆయన అసలు పేరు జాష్ డేవిస్. 1972లో కాలిఫోర్నియాలో జన్మించాడు. సంగీత లోకానికి డీజే షాడోగా పరిచితుడు. షాడో అంటే నీడ. హిప్ హాప్ 1970లలో న్యూయార్క్ నగరంలోని బ్రాంక్స్ వాడలలో పుట్టిన కళ. మాటలను లయబద్ధంగా పలికేవాడు గాయకుడైతే, ఆ మాటలకు అడుగున నిలిచే సంగీతాన్ని కూర్చేవాడు నిర్మాత. డేవిస్ ఆ మాటలను చాలావరకు విడిచిపెట్టి, అడుగున ఉన్న సంగీతాన్నే ముందుకు తెచ్చాడు.

ఆయన పని తీరు మన అవ్వలు బొంత కుట్టే తీరును తలపిస్తుంది. అవ్వ పాత చీరల నుండి గట్టి ముక్కలను ఏరి, ఒకదాని పక్కన మరొకటి చేర్చి, కొత్త వస్తువును తయారుచేస్తుంది. డేవిస్ పాత గ్రామఫోను రికార్డుల నుండి ఒక డోలు దెబ్బను, ఒక పియానో పలుకును, ఎవరిదో ఒక మాటను ఏరుకొన్నాడు. దీనినే సాంప్లింగ్ అంటారు. శాక్రమెంటో నగరంలోని ఒక రికార్డుల దుకాణపు నేలమాళిగలో, కుప్పలుగా పడి ఉన్న రికార్డుల నడుమ ఆయన గంటల తరబడి వెదికేవాడు. ఆయన వాడిన అకాయ్ ఎంపీసీ 60 యంత్రం కొద్ది సెకన్ల ధ్వనిని మాత్రమే దాచుకోగలిగేది. ఇంతటి పరిమిత సాధనంతో ఆయన కూర్చిన ‘ఎండ్‌ట్రొడ్యూసింగ్’ 1996లో వెలువడింది. కేవలం సాంపుల్స్‌తో రూపొందిన తొలి ఆల్బంగా దానిని 2001లో గిన్నిస్ గ్రంథం నమోదు చేసింది.

కీర్తి వచ్చింది, దానితో పాటు నిరీక్షణ కూడా వచ్చింది. రెండవ ఆల్బం కొరకు శ్రోతలు ఆరు సంవత్సరాలు ఎదురుచూశారు. ఆ కాలంలో ఆయన ఊరక కూర్చోలేదు. 1998లో జేమ్స్ లావెల్‌తో కలిసి ‘అంకుల్’ అనే బృందం పేరిట ఒక ఆల్బం చేశాడు. 1999లో కట్ కెమిస్ట్ అనే మిత్రునితో కలిసి చిన్న రికార్డులను మాత్రమే ఉపయోగించి ‘బ్రెయిన్‌ఫ్రీజ్’ను కూర్చాడు. అయినప్పటికీ లోకం వీటిని లెక్కలోకి తీసుకోలేదు. సొంత పేరుతో వచ్చేదే రెండవదని భావించింది.

అది ‘ది ప్రైవేట్ ప్రెస్’ పేరుతో 2002 జూన్‌లో వెలువడింది. పెద్ద సంస్థల అండ లేక, సొంత ఖర్చుతో కొద్ది ప్రతులుగా అచ్చువేయించుకొన్న రికార్డులను సేకర్తలు ఆ పేరుతో పిలుస్తారు. పేరులేనివారి గొంతులపై ఆయనకు గల మమకారం ఆ శీర్షికలోనే తెలుస్తుంది. ఆల్బం మొదట, చివర ‘ఇంటి నుండి ఉత్తరం’ అనే అర్థం గల చిన్న ఖండికలు ఉన్నాయి. నడుమ వచ్చే పాటలు ఒక దారిన నడవవు. ‘మాషిన్ ఆన్ ది మోటర్‌వే’ రహదారిపై వాహనం నడిపేవాని కోపాన్ని హాస్యంగా వినిపిస్తుంది. దాని వెంటనే వచ్చే ‘బ్లడ్ ఆన్ ది మోటర్‌వే’ సుదీర్ఘమైన విషాద గీతం. నవ్వు పక్కనే మృత్యువును నిలిపిన ఈ కూర్పు ఆల్బంలోకెల్లా సాహసోపేతమైనది.

అందరికంటె ఎక్కువగా చేరినది ‘సిక్స్ డేస్’. కర్నల్ బాగ్‌షాట్ అనే బ్రిటిష్ బృందం 1971లో పాడిన, యుద్ధాన్ని గురించిన పాట దానికి ఆధారం. దానికి హాంకాంగ్ దర్శకుడు వాంగ్ కార్ వై దృశ్యరూపం ఇచ్చాడు. 2006లో ‘టోక్యో డ్రిఫ్ట్’ చలనచిత్రం ద్వారా ఆ పాట మరో రూపంలో కోట్లాది చెవులకు చేరింది. వారిలో ఎందరికి 1971 నాటి ఆ బృందం పేరు తెలిసి ఉంటుంది?

విమర్శకులలో అధికులు కొత్త ఆల్బంను మెచ్చుకొన్నారు. అయితే మెప్పులోనూ ఒక తూకపు రాయి కనబడేది. తొలి ఆల్బంలోని ఏకాగ్రమైన విషాదం ఇందులో లేదని కొందరన్నారు. ఆ మాట నిజమే. కాని ఇరువది నాలుగేండ్ల యువకుని ఏకాంతాన్ని ముప్పది ఏండ్ల మనిషి నుండి కోరడం న్యాయమా? సొంత ఇంటికి మరల వెళ్లలేవనే భావం గల శీర్షికను ఆల్బం చివరి పెద్ద పాటకు పెట్టి, ఆయన ముందే జవాబు చెప్పినట్లు తోస్తుంది.

2006లో వచ్చిన ‘ది అవుట్‌సైడర్’ మరింత దూరం జరిగింది. శాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంతపు చురుకైన హైఫీ శైలిని, అక్కడి ర్యాప్ గాయకులను అందులో చేర్చడంతో పాత అభిమానులలో పలువురు మండిపడ్డారు. తొలి ఆల్బంనే మరల మరల చేయడం తన ఉద్దేశం ఎన్నడూ కాదని డేవిస్ అప్పుడు కటువుగానే ప్రకటించాడు. ఆ తరువాత 2011, 2016, 2019, 2023 సంవత్సరాలలో కూడా ఆయన ఆల్బంలు వెలువడ్డాయి. వాటిలో ఏదీ ‘ఎండ్‌ట్రొడ్యూసింగ్’కు రెండవ భాగం కాదు.