ఫ్యూజు మిగిలెను, ట్రాన్సిస్టరు పోయెను

మా ప్రయోగశాలలో విద్యార్థులు తమ చేతులతో నమర్చిన 12 వోల్టుల ఏకముఖ విద్యుత్సరఫరా పెట్టె యొకటి కలదు. ఒకనాడు దాని ఎఱ్ఱతీగయు నల్లతీగయు పొరపాటున నొకదానినొకటి క్షణకాలము తాకెను. పొగ రాలేదు, ఫ్యూజు తెగలేదు. ఏమియు గాలేదని యందఱును దలచిరి. మఱునాడు వేఱొక బాలుడు నెల దినములు శ్రమించి కట్టిన రేడియోను దానికి దగిలింపగా నది కాలిపోయెను. వోల్టుమీటరుతో జూడగా 12కు బదులు 18 వోల్టులు వచ్చుచుండెను.

కారణమేమి? ట్రాన్స్‌ఫార్మరు, రెక్టిఫయరు, కెపాసిటరు దాటివచ్చు విద్యుత్తు 18 వోల్టులు. దానికిని బయటి వలయమునకును నడుమ ద్వారపాలకునివలె నొక పెద్ద ట్రాన్సిస్టరు నిలిచి, ఎక్కువైన 6 వోల్టులను తనపై వేసికొనును. 1 ఆంపియరు ప్రవహించునపుడు దానిలో బుట్టు వేడి 6 వాట్లు. వెనుకనున్న అల్యూమినియపు రేకు దానిని చల్లార్చగలదు. తీగలు తాకినపుడో, బయట వోల్టేజి సున్న. 18 వోల్టులును ట్రాన్సిస్టరుపైననే పడును. అంతియకాదు. స్థిరీకరణ వలయమునకు తీగలు తాకినవని తెలియదు, వోల్టేజి పడిపోయినదని మాత్రమే తెలియును. కనుక నది యింకను దెఱువుమని ట్రాన్సిస్టరును దొందరపెట్టును. 8 ఆంపియర్లు ప్రవహించినచో 144 వాట్లు! ఫ్యూజుతీగ వేడెక్కి కరగుటకు గొంతకాలము వలయును. గోరంతయైన లేని సిలికాను ముక్క యంతవఱకు నిలువదు. అట్లు చెడిన ట్రాన్సిస్టరు తఱచుగా తలుపు మూసికొనదు, తెఱచుకొని పోవును. రేడియో కాలుట యిందువలననే.

దీనికి చికిత్స మిక్కిలి చౌక. కరెంటు పోవు దారిలో అర ఓము నిరోధము నుంచి, దాని రెండు కొనలకు చిన్న ట్రాన్సిస్టరు యొక్క బేసును, ఎమిటరును గలుపవలెను. 1.2 ఆంపియర్లు ప్రవహించినపుడు నిరోధముపై 0.6 వోల్టు నిలుచును; సిలికాను ట్రాన్సిస్టరు మేలుకొనుటకు సుమారుగా నంతయే కావలెను. అది మేలుకొని, పెద్దదాని బేసునకు బోవు కరెంటును ప్రక్కకు మళ్లించును. ఇక కరెంటు హద్దు మీఱదు. వేడి యెక్కినకొలది ఈ 0.6 వోల్టు, డిగ్రీకి సుమారు 2 మిల్లీవోల్టుల చొప్పున తగ్గును గనుక హద్దును గొంత దిగును. మన వేసవిలో నిదియు మేలే.

అయినను తీగలు తాకియే యున్నచో పెద్ద ట్రాన్సిస్టరులో సుమారు 21 వాట్ల వేడి పుట్టును. 6 వాట్లకు దగిన రేకు దీనికి చాలదు. ఇందుకై మఱి రెండు నిరోధములు చేర్చి, బయటి వోల్టేజి పడినకొలది హద్దును ముడుచుకొనునట్లు చేయుదురు. అప్పుడు షార్టులో 0.4 ఆంపియరు, సుమారు 7 వాట్లు మాత్రమే. చూచుటకు ముచ్చటైనదే గాని, 0.8 ఆంపియరుతో నడచు మోటారును దగిలించినచో నిలిచియున్న యది కదలనే కదలదు. కదలనిదే వోల్టేజి లేవదు. మేము మోటార్లను దఱచుగా నడపుదుము గనుక మొదటి పద్ధతినే యుంచి రేకును పెద్దదిగా మార్చితిమి. వోల్టేజి 14 దాటినచో బయటి కొనలను దానే కలిపివేయు థైరిస్టరును గూడ నమర్చి, ఫ్యూజును కెపాసిటరు తరువాత నుంచితిమి. ఫ్యూజునకు దగిన పని యిక్కడ దొరకినది.

పిమ్మట తీగలను బుద్ధిపూర్వకముగా గలిపి పది నిమిషములు చూచితిమి. రేకు చేయి పెట్టలేనంత వేడెక్కెను. విడదీయగానే వోల్టుమీటరు 12 చూపెను.